తోలేవారి పేరు

"...గదే నేనంటున్న, బండి నాదైనంక పేరు నీదెట్లయితదన్నా?"

"అయితే నువ్వే తిప్పుకో, చిన్నసేటూ."

"తిప్పరాకనే గద నిన్ను బతిలాడుతున్న."

"నీకు రాదని నాకెర్కే. పేరు రాస్తె తిప్పుత. రాయకుంటె లేదు."

కేసముద్రం స్టేషన్ రోడ్డులో రైతుల పంటను కమీషనుకు అమ్మిపెట్టే వెంకట్రాం అడ్తి దుకాణం ఉంది. ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆ దుకాణం వెనక గదిలోంచి ఈ మాటలు వినిపిస్తుంటే, బయట కాంటా దగ్గర కూర్చున్న హమాలీలు చెవులు అటు పెట్టారు. లోపల ఉన్నది ఇద్దరే. ఒకడు వెంకట్రాం కొడుకు కుమార్. రెండోవాడు ఆ ఇంటి ట్రాక్టరు డ్రైవరు మాలోతు హన్మంతు. బండి అంటే ట్రాక్టరే అనుకున్నారు హమాలీలు. కాసేపటికి కుమార్ చంకలో మూరెడు పొడుగు తెల్లటి రిమోటు కారు పెట్టుకొని బయటికొచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడూ నలభై అయిదేళ్లవాడూ కలిసి అరగంట కొట్లాడింది దీని గురించా అని వాళ్లు ఆ సాయంత్రం దాకా నవ్వుకున్నారు.

ఆ 'అన్నా' కొత్తది. ఇరవై రెండేళ్లుగా హన్మంతు ఆ ఇంట్లో 'అరే హన్మంతూ'గానే ఉన్నాడు. కుమార్ అమ్మా, నాయినా తర్వాత నేర్చిన మూడో మాట అదేనని వెంకట్రాం భార్య ముచ్చటగా చెప్పేది. పేరు చివర అన్న వచ్చి చేరింది మొన్న జూలైలోనే. అవసరం తీరాక అది ఎటు పోతుందో హన్మంతుకు తెలుసు. అందుకే దాని మీద ఆశ పెట్టుకోకుండా రాతకోతలకు దిగాడు.

హన్మంతుది బోడగుట్ట తండా. కేసముద్రానికి ఆరు కిలోమీటర్లు. అయిదో తరగతితో బడి మానేసి లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. తర్వాత వెంకట్రాం ట్రాక్టరు మీదికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ముందుకు నడిపే డ్రైవర్లు మండలంలో ఎందరో ఉన్నారు. నిండు ట్రాలీని వెనక్కి నడపడంలో మాత్రం అతనికి సాటి లేదు. ట్రాలీ కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. ఎంత తిప్పాలో, ఎప్పుడు వదలాలో చేతికి తెలియాలి. పత్తి దిగే రోజుల్లో లారీలు, ఎడ్లబండ్లు, ఆటోలు కిక్కిరిసిన సందులోంచి అతను ట్రాలీని వెనక్కి తెచ్చి గోదాం తలుపుకు జానెడు దూరంలో ఆపేవాడు. రెండోసారి ముందుకు తీసి సరిచేసుకోవడం ఎవరూ చూడలేదు.

అతనికొక పద్ధతి ఉంది. రివర్సు చేయబోయే ముందు బండి దిగుతాడు. చెప్పులు విడుస్తాడు. ట్రాలీ చక్రాలు ఎక్కడెక్కడ పోతాయో ఆ దారంతా వట్టికాళ్లతో నడిచి వస్తాడు. తడి ఎక్కడుంది, గింజలు ఎక్కడ పడ్డాయి, గచ్చు ఎక్కడ కుంగింది, అన్నీ అరికాలు చెప్పాలి. "అయ్యగారి ప్రదక్షిణ మొదలైంది" అని హమాలీలు నవ్వేవారు. అతను పట్టించుకునేవాడు కాదు. వెనకనుంచి ఎవడైనా "రానీ, రానీ" అని అరిస్తే మాత్రం ఇంజను ఆపేసేవాడు. వాడు నోరు మూసేదాకా మళ్లీ స్టార్టు చేసేవాడు కాదు.

తొమ్మిదేళ్ల కింద పెద్దవంగరలో ట్రాక్టర్ రివర్సు పోటీలు పెట్టారు. రెండు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి తగిలించి, ముగ్గు గీతల మధ్య వెనక్కి నడపాలి. హన్మంతు గీత తాకకుండా నడిపి మొదటివాడిగా వచ్చాడు. మైకు పట్టుకున్నది పోశాలు. మూడు మండలాల్లో ఎడ్ల పందేలు ఎక్కడ జరిగినా పేర్లు పిలిచేది అతనే. "మొదటి బహుమతి, కేసముద్రం వెంకట్రాం గారి బండి" అన్నాడు. వెంకట్రాం ఆ రోజు పెద్దవంగరలో లేడు. షుగరు పరీక్ష చేయించుకోవడానికి వరంగల్ పోయాడు. అయినా షీల్డు ఆయన దుకాణం చేరింది. ఇవాళ్టికీ గల్లాపెట్టె వెనక, లక్ష్మీదేవి పటం కింద ఉంటుంది. రైతులెవరైనా అడిగితే, ఆ రోజు ఎట్ల కష్టపడి గెలిచినమో వెంకట్రాం చెప్తాడు.

హన్మంతుకు తువ్వాల ఇచ్చారు. ఎడ్ల పందేల్లో షీల్డు ఎడ్ల ఆసామిది, తువ్వాల తోలినవాడిది. అది పోశాలుకు వేదం. హన్మంతు భార్య తారి గోదాముల్లో గింజలు ఊడ్చే పనికి పోతుంది. తొమ్మిదేళ్లుగా ఆమె జొన్నరొట్టెలు మూట కట్టుకు పోయేది ఆ తువ్వాలలోనే.

కుమార్ హైదరాబాదులో నాలుగేళ్ల ఇంజనీరింగు ఆరేళ్లు చదివాడు. రెండు పేపర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటి సంగతి తండ్రి ఎత్తకుండా చూసుకోవడం ఒక్కటే అతను శ్రద్ధగా చేసే పని. అక్కడి స్నేహితుల దగ్గర ఈ కార్ల ఆట చూశాడు. మామూలు కారు రబ్బరు టైర్లతో నేలను పట్టుకొని పోతుంది. దీనికి గట్టి ప్లాస్టిక్ టైర్లుంటాయి. నున్నటి నేల మీద అది పట్టు తప్పి అడ్డంగా జారుతుంది. గిర్రున తిరిగిపోకుండా ఆ జారుడులోనే దాన్ని మలుపులు తిప్పడం ఆట. డ్రిఫ్ట్ అంటారు. వేగంతో పని లేదు. ఇదంతా కుమార్‌కు క్షుణ్ణంగా తెలుసు. చేతికి మాత్రం తెలియదు.

జూన్‌లో తండ్రి పత్తి గోదాం ఖాళీగా ఉంటే అందులో మొదలుపెట్టాడు. తలమీద టోపీ, చేతులకు గ్లౌజులు. ఇరవై రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా తిప్పాడు. మలుపు రాగానే కారు బొంగరం అయ్యేది. గచ్చు సరిగా లేదన్నాడు. టైర్లు మార్చాడు. బ్యాటరీ మార్చాడు. గోదాం తలుపులోంచి గాలి వస్తోందని తలుపు కూడా మూయించాడు.

జూలైలో ఒకరోజు హన్మంతు ఖాళీ సంచుల కట్టలు దించడానికి గోదాంకు వచ్చాడు. దించిన తర్వాత బీడీ నోట్లో పెట్టుకొని, ముట్టించకుండా చాలాసేపు చూశాడు. పిస్తోలు ఆకారంలో ఉన్న రిమోటు, దాని పక్కన చిన్న చక్రం, వేలి కింద ట్రిగ్గరు. కారు తోక ఎడమకు జారుతుంటే కుమార్ చక్రాన్ని కుడికి తిప్పుతున్నాడు. కారు వెంటనే తిరిగిపోతోంది.

"తోక ఎటు పోతుందో ముక్కు అటే పెట్టాలె, చిన్నసేటూ. ట్రాలీ తీర్గ."

కుమార్ అలిసిపోయి ఉన్నాడు. వెటకారంగా రిమోటు అతని చేతిలో పెట్టాడు. మొదటిసారి కారు గోడకు కొట్టుకుంది. రెండోసారి గోదాం ఆ చివరిదాకా అడ్డంగా పోయి, మలుపు తిరిగి, అడ్డంగానే వెనక్కి వచ్చి వాళ్ల కాళ్ల ముందు ఆగింది. కుమార్ కారును ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. కారు లోపల జైరో అనే చిన్న డబ్బీ ఉంటుందనీ, అది తనంతట తానే ముందు చక్రాలను సర్దుతుందనీ, అందువల్లే ఇది సాధ్యమైందనీ కొంతసేపటికి వివరించాడు. హన్మంతు విని, దాన్ని తగ్గించమన్నాడు. చెయ్యి ఒకటి చేస్తుంటే అది ఇంకోటి చేస్తోందట. వెనక నిలబడి రానీ రానీ అనేవాడి లాగా ఉందట.

ఆ సాయంత్రం నుంచే అన్న మొదలైంది.

పోటీ పెట్టాలన్న ఆలోచన కుమార్‌దే. అతను ఒక యువజన సంఘానికి అధ్యక్షుడు. అందులో పదకొండు మంది సభ్యులు ఉన్నారు. పది మందికి పదవులున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల పోటీ అని ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద ముప్పై రెండు ఫొటోలు. కారు నడపబోయే ఎనిమిది మందిలో ఒక్కడి ముఖమూ లేదు. కుమార్ ముఖం రెండు చోట్ల ఉంది, ఒకచోట నల్లకళ్లద్దాలతో. పోటీ వెంకట్రాం గోదాంలోనే. మైకుకు పోశాలు. తీర్పు చెప్పడానికి వరంగల్ నుంచి సింధూజ అనే అమ్మాయిని పిలిచారు. ఆమె ఒక కాలేజీలో ల్యాబు చూసుకుంటుంది. హైదరాబాదు పోటీల్లో తనే కారు నడుపుతుంది. మొత్తం ఏర్పాట్లలో ఆట తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. కాబట్టి ఆమె చేతికి మైకు ఇవ్వలేదు.

హన్మంతు అడిగింది ఒకటే. ఈసారి మైకులో తన పేరు పిలవాలి. ఇంటిపేరుతో, తండా పేరుతో. షీల్డు ఎవరింట్లో పెట్టుకున్నా సరే. తారికి చెప్పినప్పుడు ఆమె రొట్టెలు మూట కడుతోంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది వాళ్ల లంబాడీ భాష. పేరు పిలిస్తే ఏమొస్తుందని ఆమె అడిగింది. ఇరవై రెండేళ్లలో తన పని గురించి ఎవరు ఏ మాట అన్నా వెంకట్రాం బండి అనే అన్నారనీ, బండికి చేతులుంటాయా అనీ ఏదో అన్నాడు. తారి మూట ముడి బిగించి చూపించింది. తువ్వాల అంచు చీలిపోయి ఉంది.

"పో, తెచ్చుకో," అంది. "ఇంకొకటి గావాలె నాక్కూడ. ఇది చినిగింది."

మాట ప్రకారం కుమార్ పేరు రాశాడు. పోశాలు ఎడ్ల పందేల్లో మిగిలిపోయిన దరఖాస్తు పుస్తకం తెచ్చాడు. కొత్తది అచ్చు వేయించడం దండగ అన్నాడు. అందులో ఆసామి పేరు, జత రంగు, పళ్లు, తోలేవారి పేరు అని నాలుగు గడులు ఉన్నాయి. ఆసామి దగ్గర కుమార్ తండ్రి పేరూ తన పేరూ రాశాడు. రంగు తెలుపు. పళ్ల దగ్గర కాసేపు ఆలోచించి గీత పెట్టాడు. తోలేవారు మాలోతు హన్మంతు, బోడగుట్ట తండా. కాగితం అతని ముందు పెట్టాడు. హన్మంతు తన పేరు కూడబలుక్కొని చదివాడు. అక్షరాలన్నీ ఉన్నాయి. సంతకం చేశాడు. నేలను అరికాలితో చూసుకోకుండా బండి కదపని మనిషి ఆ కాగితంలో మిగతా గడులను ఒక్క చూపుతో వదిలేశాడు.

పోటీ నాడు ఆదివారం. బయట ముసురు. గోదాం నిండా జనం. సింధూజ పొద్దున రైలుకు వచ్చి, నీళ్లు నింపిన కూల్‌డ్రింక్ సీసాలను మలుపుల దగ్గర నిలబెట్టి దారి గుర్తు పెట్టి, మొదట్లో, చివర్లో సుద్దగీతలు గీసింది. గచ్చు చూసి చాలా బాగుందంది. పత్తి బోరాలు ఈడ్చీ ఈడ్చీ అది అద్దంలా నున్నబడి ఉంది. ఆమె టీ తాగి వచ్చేసరికి పూజ మొదలైంది.

కొత్త బండికి పూజ చేయకుండా ఎట్లా అని వెంకట్రాం అన్నాడు. ఎనిమిది కార్లూ గీత దగ్గర వరసగా పెట్టి కుంకుమ బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మూడు పావుల బరువు కూడా లేనట్టు కార్లు నిమ్మకాయల మీద ఎక్కి కూర్చున్నాయి తప్ప నలగలేదు. నిమ్మకాయ నలగకపోతే అరిష్టమని వెంకట్రాం ఒక్కొక్క కారునూ అరచేత్తో నొక్కాడు. జనగామ నుంచి వచ్చిన కారు ముందు చక్రం పటుక్కున విరిగింది. దాని యజమాని ఫోటోగ్రాఫరు. అతను దాన్ని చేతుల్లోకి తీసుకొని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అది కూడా శుభమేననీ, పోయేది ముందే పోయిందనీ పోశాలు మైకులో చెప్పాడు. తర్వాత ఎనిమిది కొబ్బరికాయలు కొట్టారు. ముఖ్య అతిథులు ఎక్కువమంది ఉండటంతో అందరికీ తలా ఒకటి రావాలని అక్కడొకటి, ఇక్కడొకటి, మలుపుల దగ్గర కూడా కొట్టారు.

సింధూజ ముఖం పాలిపోయింది. కొబ్బరినీళ్లు ఆరితే జిగురవుతుందని, ప్లాస్టిక్ టైరు అక్కడ పట్టుకుంటుందని, కారు తిరిగిపోతుందని చెప్పింది. పోశాలు తారిని పిలిచి తుడవమన్నాడు. తారి తడిగోనెతో తుడిచింది. నీళ్లు మార్చి ఇంకోసారి తుడుస్తానంటే, ఎమ్మెల్యే గారి తరఫు మనిషి వెళ్లిపోవాలి, మొదలుపెట్టాలి అన్నారు.

ఏడుగురు మిగిలారు. ఆరుగురు బూట్లతో, పేర్లు అచ్చు వేయించుకున్న చొక్కాలతో ఉన్నారు. హన్మంతు చెప్పులు తలుపు దగ్గర విడిచి, సీసాల మధ్య దారంతా మెల్లగా నడిచాడు. "ప్రదక్షిణ, ప్రదక్షిణ" అని హమాలీలు వెనకనుంచి కేక పెట్టారు. భూపాలపల్లి నుంచి వచ్చిన వాళ్లు ఫోనులో వీడియో తీశారు. మూడు చోట్ల అతని పాదం అంటుకొని వదిలింది. మొదటి మలుపు లోపలి వైపు ఒకటి, నడిమధ్య ఒకటి, చివరి సీసాకు బెత్తెడు ఇవతల ఒకటి. వచ్చి రిమోటు పట్టుకున్నాడు.

రెండేసి కార్లు కలిసి పోవాలి. ముందు కారు దారి తప్పకుండా, ఎంత అడ్డంగా వీలైతే అంత అడ్డంగా జారుతూ పోతుంది. వెనక కారు దాన్ని తగలకుండా, వదలకుండా అంటిపెట్టుకొని పోతుంది. తర్వాత ముందుది వెనక, వెనకది ముందు. రెండుసార్లు చూసి సింధూజ తీర్పు చెప్తుంది. పోశాలు మొదటి జతకు గడియారం పట్టుకొని నిమిషాలు లెక్కపెట్టాడు. వేగం కాదు సార్ అని ఆమె రెండుసార్లు చెప్పాక గడియారం జేబులో పెట్టుకున్నాడు. ఇంత అడ్డంగా పోతే బహుమతి ఇచ్చేటట్టుంటే ఊళ్లో ఆటోలన్నింటికీ ఇయ్యాలె అని ఒక హమాలీ అన్నాడు.

గ్లౌజుల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు జిగురు మీదికి పోయారు. కారు తిరిగిపోయినచోటే మళ్లీ తిరిగిపోయింది. కారును ఎత్తి చూశారు. స్క్రూలు బిగించారు. ఒకడు గాలి అన్నాడు. నేలను చూసినవాడు లేడు. హన్మంతు కారు ఆ మూడు చోట్లకూ బెత్తెడు పక్కనుంచి, సీసాకు తగిలీ తగలనట్టు పోయింది. మొదటి రౌండు గెలిచాడు.

"కేసముద్రం వెంకట్రాం గారి బండి!" అన్నాడు పోశాలు మైకులో.

హన్మంతు అటు చూశాడు. ఇంకా ఏదైనా అంటాడేమోనని ఆగాడు. పోశాలు తర్వాతి జతను పిలిచాడు. రెండో రౌండు తర్వాతా అదే మాట. ఈసారి కోడెలు ఉరుకుతున్నట్టే ఉరికిందని కూడా కలిపాడు. హన్మంతు కుమార్ దగ్గరికి పోయి అడిగాడు. ఫైనల్ అయ్యాక చెప్తరన్నాడు కుమార్. ఆ మాట చెప్పేటప్పుడు ఫోను చూస్తున్నాడు.

ఫైనల్లో ఎదుటివాడు మహబూబాబాద్‌లో పళ్ల డాక్టరు కొడుకు. అతని కారు కింద నీలం లైట్లున్నాయి. మొదటి పరుగులో అతను ముందు, హన్మంతు వెనక. నీలం కారు బాగానే పోయింది. రెండు వేళ్ల సందుతో తెల్లకారు దాని పక్కనే అడ్డంగా జారుతూ పోయింది. చివరి సీసా ముందు నీలం కారు జిగురు మీదికి ఎక్కి చప్పున తిరిగిపోయింది. తెల్లకారు దాన్ని తాకకుండా పక్కనుంచి వంపు తిరిగి, జారుడు విడవకుండా గీత దాటింది. హమాలీలు ఈలలు వేశారు. సింధూజ కాగితం మీద ఏదో రాసి రెండుసార్లు కింద గీత గీసింది. ఇక మిగిలింది ఒక్క పరుగు. తెల్లకారు ముందు పోవాలి. తిరిగిపోకుండా ఉంటే చాలు.

బ్యాటరీ మార్చడానికి అయిదు నిమిషాలు ఆపారు. హన్మంతు నీళ్లు తాగడానికి బహుమతుల బల్ల వైపు పోయాడు. బల్ల మీద పెద్ద షీల్డు ఉంది. దాని పక్కన, దుకాణం చీటీ ఇంకా తీయని తువ్వాల మడత ఉంది. అంచు ఆకుపచ్చ. తొమ్మిదేళ్ల కింద ఇచ్చిన దానికీ ఆకుపచ్చ అంచే.

"గా తువ్వాల ఎవరికి, పోశాలన్నా?"

"నీకే. తోలేటోనికి."

"షీల్డు?"

"షీల్డు ఆసామిది గదరా. కొత్తగడుగుతున్నవేంది?"

తన పేరు పిలవాలని ఒప్పందమని హన్మంతు చెప్పాడు. పోశాలు పుస్తకం తీసి చూపించాడు. ఆసామి వెంకట్రాం, కుమార్. పిలిచేది ఆసామి పేరు. కుమార్‌ను పిలిచారు. రాస్తానన్నాను, రాశాను, ఇదిగో చూసుకో అన్నాడతను. అబద్ధం కాదు. వేలు తోలేవారి గడి మీద ఉంది. ఇంతలో సింధూజ వచ్చింది. ఈ ఆటలో రిమోటు పట్టుకున్నవాళ్లే పోటీదారులని, కారు ఎవరు కొన్నారన్నది ఎక్కడా అడగరని చెప్పింది.

"నువ్వు చదువుకున్నదానివమ్మా, నేను కాదంటలేను," అన్నాడు పోశాలు. "ముప్పై ఏండ్ల సంది పందేలు నడుపుతున్న. ఎద్దులు గెలిస్తె ములుగర్రకు షీల్డు ఇచ్చినోణ్ని నేను సూడలే."

వెంకట్రాం వచ్చాడు. సంగతి తెలుసుకొని నవ్వాడు. హన్మంతు భుజం మీద చెయ్యి వేశాడు. హన్మంతు మనింటోడే, బయటోడు కాదు, మన ఇంట్ల ఎవరి పేరు పిలిస్తేంది అన్నాడు. ఆయన మనసులో మోసం లేదు. ఇంట్లో ఎవరి పేరు పిలిచినా ఒకటే అని ఆయన నిజంగానే నమ్ముతాడు. ఆ పేరు ఎప్పుడూ ఆయనదే కావడం ఆయనకు ఎన్నడూ విశేషంగా తోచలేదు.

ఈ మాటలు బల్ల దగ్గరినుంచి జనంలోకి పాకాయి. హమాలీలు ముందు నవ్వారు. తర్వాత ఎందుకో నవ్వు ఆపారు. "హన్మంతు పేరు చెప్పుండ్రి" అని ఒకడు అన్నాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. కమిటీ పదకొండు మందీ మూలకు చేరి గుసగుసలాడారు. రెండు పేర్లూ చెబుదామని ఒకడు. అలా చేస్తే ఎడ్ల పందేలకు కూడా అదే అడుగుతారని పోశాలు. చివరికి అతనే ఉపాయం చెప్పాడు. తువ్వాల చివర్లో ఇవ్వడం ఆనవాయితీ. ఇప్పుడే ఇచ్చేద్దాం, సన్మానం అని చెప్పి ఇద్దాం, రెండు మాటలు మాట్లాడిద్దాం. వాడి మనసూ చల్లబడుతుంది, జనమూ కూర్చుంటారు. అందరికీ ఇది చాలా పెద్ద మనసుగా తోచింది. కుమార్ అయితే శాలువా తెప్పిద్దామని కూడా అన్నాడు. ఆదివారం, దుకాణాలు మూసి ఉన్నాయి.

పోశాలు మైకులో, కళను గౌరవించడం మన సంప్రదాయమని, వెంకట్రాం గారు తమ డ్రైవరును కన్నకొడుకులా చూసుకుంటారని, ఆఖరి పరుగుకు ముందే ఆయన చేతుల మీదుగా చిన్న సత్కారమని చెప్పాడు. వెంకట్రాం తువ్వాల విప్పి హన్మంతు భుజాల మీద కప్పాడు. చీటీ ఇంకా దానికే ఉంది. ఫొటోలు తీశారు. కుమార్ ఫొటోలోకి వచ్చి నిలబడ్డాడు. తలుపు దగ్గర తారి తడిగోనె పట్టుకొని చూస్తోంది.

"సేటుకు దండం పెట్టి రెండు మాటలు చెప్పురా," అని పోశాలు మైకు హన్మంతు చేతికి ఇచ్చాడు.

హన్మంతు రిమోటును బల్ల మీద, షీల్డు పక్కన పెట్టాడు. భుజాల మీది తువ్వాల తీసి మడిచి దాని పక్కన పెట్టాడు. మైకును నోటికి ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక ఒకసారి అటూ ఇటూ జరిపాడు. పెట్టెల్లోంచి కీచుమని శబ్దం వచ్చింది. అది ఆగేదాకా ఆగాడు.

"మాలోతు హన్మంతు, బోడగుట్ట తండా," అన్నాడు. "ఆఖరి పరుగు నేను నడుపుత లేను."